త్యాగరాజస్వామి నాటకదృష్టి

సంగీత త్రిమూర్తులని లోకము కొనియాడు మువ్వురిలో నాటకము రచించినవాడు త్యాగరాజస్వామి ఒక్కడే. శ్యామశాస్త్రిగాని, ముత్తుస్వామి దీక్షితులుగాని ఆ త్రోవ త్రొక్కలేదు. అయినను త్యాగరాజస్వామిని గూర్చిన గ్రంథములలో ఆయన నాటకములకు లభించిన స్థానము స్వల్పము. భక్తుడుగా, కృతికర్తగా ఆయనను విపులముగా కీర్తించిన పిమ్మట, 'ప్రహ్లాద భక్తివిజయము, నౌకాచరిత్రము అను రెండు యక్షగానములను కూడ రచించెను' అని ఒక వాక్యముతో ముగించుట పరిపాటియైనది. ఆ 'కూడ' అను మాటను పరిశీలించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. నాటకము ఆయనకు అనుబంధ రచన కాదనియు, కృతికిని నాటకమునకును మూలమైన దృష్టి ఒక్కటే యనియు, దానిని మరచుటచే నేడు ఆయన పాటలలో కొన్నింటిని మనము వేరొక అర్థమున వినుచున్నామనియు చూప యత్నింతుము.

ఆయన పుట్టిన నేలను ముందుగా గమనింపవలెను. త్యాగరాజస్వామి 1767 మే 4వ తేదీన తిరువారూరులో, ములకనాటి తెలుగు కుటుంబమున జన్మించెను. కావేరీతీరమున తెలుగు యక్షగానము అప్పటికే నూటయేబది యేండ్లకు పైగా వర్ధిల్లినది. రఘునాథనాయకుని (1600–1634) పిదప రాజ్యమేలిన విజయరాఘవనాయకుడు (1634–1673) స్వయముగా యక్షగానకర్త. ఆయన ఆస్థానమున రంగాజమ్మ 'మన్నారుదాసవిలాసము'ను రచించెను. నాయకరాజుల వెనుక వచ్చిన మహారాష్ట్ర ప్రభువులు మాతృభాష వేరైనను ఈ సంప్రదాయమును విడువలేదు. శాహజీ (1684–1712) తెలుగున రచించిన పల్లకీసేవా ప్రబంధము తిరువారూరు త్యాగేశుని సేవకై పుట్టినది. ఏ దేవుని పేరు ఈ వాగ్గేయకారునకు పెట్టబడెనో ఆ దేవుని సన్నిధియే యక్షగానమునకు రంగస్థలమైనదన్న మాట. తంజావూరు ఆస్థానమున యక్షగానములు రచించిన గిరిరాజకవి ఆయన పూర్వులలో ఒకడని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. దానిని అటుంచినను, దరువు, ద్విపద, కందము, సీసము, వచనము, సూత్రధారుని మాట—ఇవన్నియు ఆయన చెవులకు బాల్యమునుండి పరిచితములే అనుటకు సందేహము లేదు.

అయితే ఆ సంప్రదాయమునకు ఆధారము రాజాస్థానము. నటులకు, నర్తకులకు, వాద్యకారులకు పోషకుడు కావలెను. త్యాగరాజస్వామి తిరువయ్యారులో ఉంఛవృత్తితో జీవించి, శరభోజి ఆస్థానము నుండి వచ్చిన పిలుపును తిరస్కరించెనని ప్రసిద్ధి. కల్యాణిరాగమునందలి 'నిధి చాల సుఖమా' కృతిని ఈ ఘట్టముతో ముడిపెట్టి చెప్పుదురు. ఈ తిరస్కారమును ఆయన వైరాగ్యమునకు నిదర్శనముగా అందరును పేర్కొందురు. నాటకకర్తగా ఆయన దీనికి చెల్లించిన మూల్యమును పేర్కొనువారు అరుదు. ఆయనకంటె పదునొకండేండ్లు పెద్దవాడైన మొజార్టునకు ఐరోపాలో నాటకశాలలుండెను, గాయకులుండిరి, వాద్యబృందములుండెను. తిరువయ్యారులో ఒక ఇల్లు, తంబుర, శిష్యులు, రామవిగ్రహము మాత్రమే యుండెను. ఆ ఇంటిలో వ్రాయబడిన నాటకము ఎట్టి నాటకము కావలెనో అట్టిదే అయినది.

ప్రహ్లాద భక్తివిజయము ఐదంకముల రచన. ఇందు 45 కీర్తనలు 28 రాగములలో కలవు, పద్యములు 138. పీఠికలో కవి తులసీదాసును, పురందరదాసును, భద్రాచల రామదాసును స్మరించెను. రాజులను, ఆస్థానకవులను గాక, దేవుని యెదుట పాడినవారిని తన పూర్వకవులుగా ఎన్నుకొనెను. పిదప గణపతి ప్రవేశము; ఆ వెనుక దౌవారికుడు, సాగరుడు యక్షగాన మర్యాద ననుసరించి ప్రవేశదరువులతో వత్తురు. ఇంతవరకు రూపము ప్రాచీనమే. కథాసంవిధానము మాత్రము పూర్తిగా నూతనము.

ప్రహ్లాదుని కథ యనగానే మనకు తోచునవి రెండు: హిరణ్యకశిపుని క్రౌర్యము, స్తంభమునుండి నరసింహుని ఆవిర్భావము. ఈ నాటకమున ఆ రెండును లేవు. నాగపాశబద్ధుడై సముద్రమున త్రోయబడిన బాలుడు ఇందలి నాయకుడు. అతనిని ఆదరించువాడు సముద్రుడు. మార్గము చూపువాడు నారదుడు. హరి ప్రత్యక్షమగుట, మరల మరుగగుట, ఆ యెడబాటును ప్రహ్లాదుడు సహింపలేకపోవుట, తిరిగి కూడుట—ఇంతియే కథ. సంఘర్షణ తండ్రికొడుకుల నడుమ లేదు. దర్శనమునకును ఎడబాటునకును నడుమ ఉన్నది.

ఈ మార్పు ఎంత సాహసమో తెలియవలెనన్నచో తంజావూరునకు చేరువనున్న మేలట్టూరును తలచుకొనవలెను. త్యాగరాజస్వామికి సమకాలికుడైన మేలట్టూరు వేంకటరామశాస్త్రి భాగవతమేళ సంప్రదాయమున ప్రహ్లాదచరిత్రమును రచించెను. నరసింహ జయంతి ఉత్సవమున వరదరాజస్వామి కోవెల ముందు దానిని నేటికిని ప్రదర్శింతురు. అందు హిరణ్యకశిపుడు గంభీరమైన పాత్ర. నరసింహుని ముఖాకృతి పూజార్హమైన వస్తువు. దానిని ధరించువాడు ఉపవాసనియమముతో సిద్ధపడును. ఊరంతయు చూచుచుండగా, తెల్లవారబోవు వేళ స్తంభమునుండి దేవుడు వెలువడును. ఒకే కాలమున, ఒకే నదీతీరమున, ఒకే భాషలో, ఒకే కథను ఇద్దరు చేపట్టిరి. ఒకనికి ఊరును, కోవెలయు, నటులును కలరు. కావున ఆయన కంటికి కనబడు అద్భుతమును పరాకాష్ఠగా చేసెను. రెండవవానికి అవి లేవు. కావున ఆయన వినబడు అద్భుతమును కోరెను. త్యాగరాజస్వామి నాటకమున రాక్షసవధ లేకపోవుట లోపమని తలచువారు ఈ భేదమును గమనింపలేదని మా అభిప్రాయము.

మరొక విశేషము. సహానరాగమునందలి 'వందనము రఘునందన' ఈ నాటకములోనిది. ప్రహ్లాదుడు కృతయుగమువాడు, రఘునందనుడు త్రేతాయుగమున పుట్టబోవువాడు. కాలవ్యత్యయదోషమని విమర్శకుడు దీనిని ఎత్తిచూపవచ్చును. కాని సముద్రమధ్యమున కట్టుబడియున్న బాలుడు సేతువును కట్టినవానిని పిలుచుటలో ఔచిత్యము లేకపోలేదు. అంతకు మించి, ఇచ్చట పాత్రకును కవికిని నడుమనున్న గోడ పలుచనైనది. ప్రహ్లాదుని నోట తిరువయ్యారు రామభక్తుడు పాడుచున్నాడు. నాటకకర్త తన పాత్రలలో తాను మరుగుపడవలెనను నియమమునకు ఇది విరుద్ధమే. కాని పాత్ర వేషమున తన వేదనను పలుకుట ఆయనకు ఎంత సహజమో దీనివలన తెలియుచున్నది.

నౌకాచరిత్రము ఇందుకు భిన్నమైనది. ఇది ఏకాంకిక; 13 రాగములలో 21 కీర్తనలు, 43 పద్యములు కలది. కథ భాగవతమున లేదు. గోపికలు అలంకరించుకొని యమునకు వత్తురు. బాలకృష్ణునితో పడవ యెక్కి విహరింతురు. తమ సౌందర్యమునకు, నేర్పునకు కృష్ణుడు వశుడయ్యెనని గర్వింతురు. గాలివాన చెలరేగును, పడవకు రంధ్రము పడును, తమ వస్త్రములతో దానిని పూడ్ప యత్నించి, తుదకు అభిమానమును విడిచి అతనినే శరణు వేడుదురు, పడవ ఒడ్డు చేరును. ఆరంభమున సురటిరాగమునందలి ప్రవేశదరువు, నడుమ సారంగరాగమున పడవ నడుపు ముచ్చట, తుదకు పున్నాగవరాళిలో గంధము పూయు సంబరము—ఈ క్రమమును పరికించినచో రాగము పాటకు అలంకారముగా గాక కథాగమనమునకు సాధనముగా ఎట్లు నిలిచినదో విశదమగును. పున్నాగవరాళి వంటి, జానపదుల నోటికి దగ్గరైన రాగమును స్త్రీజన సంభాషణమునకు వాడుట నాటకకర్త చెవికి తార్కాణము. ప్రదర్శనకు అనువైనది గనుకనే ఇది నృత్యనాటకముగా నర్తకులను ఆకర్షించుచున్నది.

సీతారామ విజయమను మూడవ నాటకమొకటి యుండి నశించినదనియు, కాంభోజిలోని 'మా జానకి' వంటి కొన్ని కృతులు అందలివనియు పండితులు తలంచుచున్నారు.

ఇక విడి కృతులను చూతము. మధ్యమావతిలోని 'అలకలల్ల' కృతిలో విశ్వామిత్రుడు రాముని చూచుచుండగా మనము చూతుము: బాలుని ముంగురులు కదలుచున్నవి, ముని మనస్సు ఉప్పొంగుచున్నది. అది వర్ణన కాదు, ఘట్టము. ఆభేరిలోని 'నగుమోము' కృతిలో భక్తుడు దేవుడు రాకుండుటకు కారణములను ఒక్కొక్కటిగా ఊహించి ప్రశ్నించును. గరుత్మంతుడు నడువనన్నాడా యని నిలదీయును. ఎదుట ఒక పాత్ర నిలిచి వినుచున్నదను భావము లేనిదే ఇట్టి పలుకు పుట్టదు. ఆయన విస్తరింపజేసిన సంగతుల పద్ధతి యును ఈ దృష్టికి చెందినదే. ఒకే పల్లవిని మార్చి మార్చి పలుకుట, ఒకే మాటను నటుడు వేర్వేరు భావములతో పలుకుట వంటిది. ఉత్సవ సంప్రదాయ కీర్తనలలో ప్రభువును మేల్కొలుపుట, ఉయ్యాల నూచుట, పవళింపజేయుట—దినచర్య యంతయు అభినయముతో కూడిన సేవయే. రంగస్థలము లేని కవి తన పూజాగృహమును రంగస్థలము చేసికొనెను.

ఈ విషయమున మా ప్రాంతమునకు సంబంధించిన ఒక ఐతిహ్యము స్మరింపదగియున్నది. త్యాగరాజస్వామి వార్ధక్యమున కాంచీపురము, తిరుమల, కోవూరు, తిరువొత్తియూరు మున్నగు స్థలములను దర్శించెను. తిరుమలలో ఆయన సన్నిధికి చేరునప్పటికి తెర వేయబడియుండెననియు, గౌళిపంతు రాగమున 'తెర తీయగరాదా' యని పాడగా అది తొలగెననియు చెప్పుదురు. దర్శనానంతరము మధ్యమావతిలో వేంకటేశుని స్తుతించెనట. ఈ యాత్రలోనే తిరుపతికి చేరువనున్న పుత్తూరులో, నూతిలో పడి మరణించినవానిని బిలహరిలోని 'నా జీవాధార' కృతితో బ్రతికించెనని మరొక కథ. నేడు శ్రీ సిటీ వెలసిన సత్యవేడు సీమకు పడమట నున్నది ఈ పుత్తూరు. మహిమల సత్యాసత్యములను చర్చించుట చరిత్రకారుని పని కాదు; అయితే తెర యను ప్రతీకను గమనించుట సాహిత్యవిద్యార్థి విధి. యక్షగానమున ఇద్దరు తెర పట్టుకొందురు. దాని వెనుక పాత్ర నిలుచును. దరువు పాడగా తెర తొలగి పాత్ర వెలువడును. జీవితమంతయు ప్రవేశదరువులను ఎరిగిన కవి తెర ముందు నిలిచినప్పుడు మరి యేమి పాడగలడు? పైగా తెరను తనలోని మదమాత్సర్యములుగా భావించి, బయటి రంగమును లోపలికి మరలించెను. ప్రహ్లాద భక్తివిజయమున దైత్యుని తొలగించి యెడబాటును నిలిపిన చేయియే ఇదియును.

ఈ దృష్టి మరుగుపడుటకు కారణము చరిత్రలో కలదు. 1847 జనవరి 6వ తేదీన ఆయన సిద్ధి పొందిన పిమ్మట కృతులను శిష్యపరంపరలు కాపాడినవి. అందు వాలాజాపేట వేంకటరమణ భాగవతారు పరంపరకు మనము మిక్కిలి ఋణపడియున్నాము. చిత్తూరు ముఖ్యపట్టణముగా నుండిన నాటి ఉత్తరార్కాటు జిల్లాలోనిదే వాలాజాపేట. అచ్చటి వ్రాతప్రతులు పిమ్మట మదురై సౌరాష్ట్ర సభకు చేరినవి. కాని నటబృందములు కాపాడవలసిన నాటకమును గాయకులు కాపాడిరి. 1855లో తంజావూరు రాజ్యము అంతరింపగా సంగీతము మదరాసు సభలకు తరలినది. ఇరువదవ శతాబ్దిలో అరియక్కుడి రామానుజయ్యంగారు (1890–1967) మున్నగువారు స్థిరపరచిన కచేరీ పద్ధతిలో కృతికి ముందువెనుకలతో పనిలేదు. నాటకములనుండి పాటలు విడివడినవి. పద్యములు, వచనములు పుస్తకములలో మిగిలినవి.

దీని ఫలము ఒక ఉదాహరణమున చూడవచ్చును. కల్యాణిలోని 'వాసుదేవయని' కృతి కచేరీలలో విస్తారమైన ఆలాపనతో పాడబడుచున్నది. వినువారు దానిని వాసుదేవస్తుతిగా తలంతురు. నిజమునకు అది దౌవారికుని ప్రవేశదరువు. కావి ధోవతి కట్టి, నుదుట బొట్టు పెట్టి, బంగారు కోల చేతబట్టి సభలో తిరుగుచు వచ్చుచున్న ద్వారపాలకుని సభ్యులకు చూపుట దాని ప్రయోజనము. అట్లే రీతిగౌళలోని 'నన్ను విడచి' కృతిని త్యాగరాజస్వామి ఆత్మనివేదనముగా మాత్రమే విందుము. దర్శనమిచ్చి మరుగగుచున్న హరిని ఆపుచున్న బాలుని కేకగా వినము. గాయకులను తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. వారు పాడకున్నచో ఆ పాటలే మనకు దక్కకపోవును. కాని పలుకువాడెవడో, వినువాడెవడో తెలియని మాట సగము మాటయే గదా!

కావున పరిశోధకులకు కర్తవ్యము స్పష్టము. ప్రతి నాటకకృతికిని వక్త, శ్రోత, సందర్భము, దాని ముందున్న పద్యవచనములు చేర్చి పాఠముగా బోధింపవలెను. ఇది తెలుగుశాఖ ఒక్కటి చేయజాలదు, సంగీతశాఖ ఒక్కటి చేయజాలదు; పద్యమునకు మొదటిది, పాటకు రెండవది కావలెను. ఆ రెండింటిని ఒకే చేతితో వ్రాసినవానిని మనము రెండు శాఖలకు పంచి యిచ్చితిమి. వానిని మరల కూర్చిననాడు ఆ 'కూడ' యను మాట మన గ్రంథములనుండి తొలగును.