పాత అంబాసిడరు: అసలు పాఠం, ప్రక్షిప్తాలు

ప్రాచీన కావ్యాలను పరిష్కరించే పండితులకు ప్రక్షిప్తమన్న మాట నిత్యం ఎదురవుతుంది. మూలకర్త వ్రాయనిది, తరువాతి చేతులు చేర్చినది అని దాని అర్థం. ఈ మాట కార్లకు కూడా అంతే చక్కగా వర్తిస్తుందని గడచిన రెండేళ్లలో నాకు అనుభవానికి వచ్చింది. మొయినాబాద్ దగ్గర ఒక మామిడితోటలో, రేకుల షెడ్డు క్రింద, మిత్రుడొకరు 1960 నాటి అంబాసిడరును పునరుద్ధరిస్తున్నారు. ఆయనకు పానాలు పట్టడం వచ్చు. నాకు పాత కాగితాలు చదవడం వచ్చు. కనుక ఏ భాగం అసలుది, ఏది తరువాత వచ్చి చేరినది అని తేల్చే పని నా వంతుకు వచ్చింది. ఆ పనిలో తెలిసివచ్చిన చరిత్రను తోటి చదువరులతో పంచుకోవడానికే ఈ టపా.

ముందుగా స్థలం గురించి రెండు మాటలు. హైదరాబాదు నుండి బీజాపూరు వెళ్లే రోడ్డు మీద మొయినాబాద్, ఆపైన చేవెళ్ల వస్తాయి. రోడ్డుకిరువైపులా పెద్ద పెద్ద మర్రిచెట్లు. నగరానికి ఇంత దగ్గరగా ఉన్నా మొయినాబాద్ చాలాకాలం తోటల ప్రాంతంగానే మిగిలింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడడానికి 1996లో వచ్చిన 111వ నంబరు జీవో చుట్టుప్రక్కల 84 గ్రామాలలో పరిశ్రమలను, పెద్ద కట్టడాలను కట్టడి చేయడం అందుకు ముఖ్యకారణం. 2022లో ఆ ఆంక్షలను సడలించారు. నేను చూసినంతలో, నగరంలో ఇల్లు అపార్ట్‌మెంటుగా మారినప్పుడు తండ్రిగారి కారును తుక్కుకు వేయడానికి మనసొప్పనివారు దాన్ని ఇటువైపున్న తోటకు చేర్చారు. అందుకే ఈ ప్రాంతపు షెడ్లలో, పశువుల కొట్టాల ప్రక్కన, టార్పాలిన్ క్రింద నిద్రపోతున్న కార్లు ఇంకా కనిపిస్తాయి.

ఇక కారు చరిత్ర. హిందుస్థాన్ మోటార్స్ 1942లో గుజరాతు తీరాన ఓఖా రేవులో మొదలై, తరువాత కలకత్తా దగ్గరి ఉత్తర్‌పాడాకు తరలింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రెండవ శ్రేణిని ల్యాండ్‌మాస్టరు పేరుతో, ఆపైన మూడవ శ్రేణిని అంబాసిడరు పేరుతో తయారుచేసింది. తొలి అంబాసిడరులో 1476 సీసీ సైడ్‌వాల్వు ఇంజను ఉండేది. 1959లో దాని స్థానంలో 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వు ఇంజను వచ్చింది. 1960ల తొలినాళ్లలో గళ్ల జాలీతో, కొత్త డ్యాష్‌బోర్డుతో మార్క్ 2 వచ్చింది. 1975లో మార్క్ 3, 1979లో మార్క్ 4. ఆపై డీజిల్ ఇంజను, 1990లలో ఇసుజు ఇంజను. చివరకు 2014 మే నెలలో ఉత్పత్తి ఆగిపోయింది. ఇన్ని మార్పులు జరిగినా ఒళ్లు మాత్రం దాదాపు మారలేదు.

పరిష్కర్తకు చిక్కంతా ఇక్కడే ఉంది. 1985 నాటి తలుపు 1960 నాటి కారుకు చిన్నచిన్న సర్దుబాట్లతో అతుకుతుంది. బోల్టు బిగుసుకున్నంత మాత్రాన ఆ భాగం ఆ కారుది కాదు. అంగట్లో "ఒరిజినల్" అంటే కంపెనీ పెట్టెలో వచ్చిన సరుకు అని అర్థం, "డూప్లికేట్" అంటే కానిది. చరిత్ర దృష్టిలో కంపెనీ పెట్టెలో వచ్చిన 1985 నాటి తలుపు కూడా ప్రక్షిప్తమే.

మరి గుర్తుపట్టడం ఎలా? మేము నాలుగు రకాల సాక్ష్యాలను ఆధారం చేసుకొన్నాము.

మొదటిది అంకెలు. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్‌సీ పుస్తకంలోని వాటితో కలవాలి. కలవకపోతే ఇంజను ఎప్పుడు మారిందో పుస్తకంలోనే నమోదై ఉండాలి. మిత్రుని కారులో రెండూ కలిశాయి. డీజిల్ ధర చూసి లెక్కలేనన్ని అంబాసిడర్లకు ఇంజన్లు మార్చేసిన దేశంలో ఇది చిన్న భాగ్యం కాదు.

రెండవది తయారీదారు ముద్రలు. ఇంగ్లండుకు చెందిన లూకాస్ కంపెనీ తన విద్యుత్ పరికరాల మీద భాగం నంబరుతో పాటు తయారైన కాలాన్ని కూడా అంకెలలో గుద్దేది. ఆ తేదీ కారు తయారైన తేదీకి కొద్ది నెలలు ముందుగా ఉంటే ఆ భాగం పుట్టుకతో వచ్చినదని నమ్మవచ్చు. మిత్రుని కారు డైనమో ఈ పరీక్షకు నిలిచింది. సెల్ఫు మోటారు మీద మాత్రం లూకాస్ టీవీఎస్ అని ఉంది. ఆ సంస్థ మద్రాసు శివారు పాడిలో పుట్టింది 1960 దశకం మొదట్లో. కాబట్టి 1960లో తయారైన కారుకు ఆ సెల్ఫు పుట్టుకతో వచ్చే వీలులేదు. ఈ రెండు లోహపు ముక్కల నడుమ దేశపు పారిశ్రామిక చరిత్ర కొంత ఉంది. 1953లో టారిఫ్ కమిషన్ నివేదిక వచ్చాక, భాగాలను క్రమంగా ఇక్కడే తయారుచేసే ప్రణాళిక ఉన్న సంస్థలకే ప్రభుత్వం అవకాశమిచ్చింది. విడిభాగాలు తెచ్చి బిగించే పనికే పరిమితమైన జనరల్ మోటార్స్, ఫోర్డు కంపెనీలు వెళ్లిపోయాయి. మిగిలిన కంపెనీల కార్లలో ఇంగ్లండు ముద్ర ఉన్న భాగాలు ఒక్కొక్కటిగా తగ్గుతూ, మద్రాసు, బెంగుళూరు ముద్రలు పెరుగుతూ వచ్చాయి.

మూడవది మరలు. అంబాసిడరు ఇంజను బిగింపులు అంగుళాల కొలతలవి. మిల్లీమీటర్ల పానా సరిగ్గా పట్టిన బోల్టు ఎక్కడ కనబడినా అక్కడ తరువాతి చెయ్యి పడిందన్నమాట. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది, అమలు క్రమంగా జరిగింది. అందుకే తొలి అంబాసిడర్ల మీటరు వేగాన్ని మైళ్లలో చూపేది. మిత్రుని కారులో కిలోమీటర్ల మీటరు ఉంది. అది మరో కారు నుండి వచ్చినదే.

నాలుగవది రంగు. మడ్‌గార్డులకు ఎన్నిసార్లు రంగు కొట్టినా, డ్యాష్‌బోర్డు వెనుక, తలుపు కీళ్ల క్రింద మొదటి పూత బ్రతికి ఉంటుంది. సన్నని ఉప్పుకాగితంతో జాగ్రత్తగా రుద్దితే పొరలు వరుసగా బయటపడతాయి. మిత్రుని కారులో పైన తెలుపు, దాని క్రింద ముదురు నీలం, అడుగున లేత బూడిద రంగు. కుడివైపు వెనుక తలుపు క్రింద మాత్రం బూడిద రంగు లేనే లేదు. ఆ తలుపు ఈ కారుది కాదని అలా తేలింది.

విడిభాగాల వేట మరో కథ. సికింద్రాబాదులో రాణీగంజ్, హైదరాబాదులో పుత్లీబౌలి, జుమేరాత్ బజారు, ఎర్రగడ్డ ఆదివారపు సంత. అక్కడ దొరకకపోతే మద్రాసు పుదుపేట, బొంబాయి చోర్‌బజారు, ఢిల్లీ మాయాపురి. ఇదే కుటుంబపు 1489 సీసీ ఇంజనును ఎంజీఏ స్పోర్ట్సు కారుకు కూడా వాడారు కాబట్టి, ఇంగ్లండు అభిమానుల కోసం ఇప్పటికీ కొన్ని లోపలి భాగాలు కొత్తగా తయారవుతున్నాయి. కావలసినది ఇంజను తిరగడమే అయితే దారులున్నాయి. కావలసినది 1960 నాటి జాలీ, మైళ్ల మీటరు అయితే ఒకటే దారి, మరో పాత కారు.

ఈ సందర్భంలో చౌమహల్లా ప్యాలెసులోని పసుపురంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్టు నాకు పదే పదే గుర్తుకొస్తుంది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోరి చేయించుకొన్న ఆ సింహాసనపు కారుకు బార్కర్ సంస్థ ఒళ్లు కట్టింది. ఆయన 1911 ఆగస్టులో కన్నుమూశారు. ఉత్సవాలకే పరిమితమైన ఆ కారు పెద్దగా రోడ్డెక్కలేదు. తిరగని కారులో భాగాలు అరగవు, మారవు. మిత్రుని అంబాసిడరు అలా కాదు. పెళ్లిళ్లకు తిరిగింది, ఉస్మానియా ఆసుపత్రికి పరుగెత్తింది, వానాకాలపు బురదలో కూరుకుపోయింది. అందులోని ప్రతి ప్రక్షిప్తమూ ఒకానొక దినాన కారు ఆగిపోయి, ఎవరో దాన్ని మళ్లీ నడిపించారనడానికి గుర్తు.

మాకు కావలసిన పాత కారు చేవెళ్ల దగ్గరి పల్లెలో దొరికింది. 1961 నాటి అంబాసిడరు. ఇంజను తీసి డీజిల్‌ది పెట్టారు, అడుగు రేకు తుప్పుపట్టి రాలిపోయింది. కానీ ముందు జాలీ, మైళ్ల మీటరు, ఇంగ్లండు ముద్ర ఉన్న సెల్ఫు, నాలుగు తలుపులు అలాగే ఉన్నాయి. యజమాని పెద్దాయన మమ్మల్ని నీడన కూర్చోబెట్టి, "గిది మా నాయిన తెచ్చిన బండి సారూ. మీకేం గావాల్నో తీసుకోండ్రి గని, తుక్కోనికి మాత్రం ఇయ్యకుండ్రి" అన్నారు.

ఆ మాటతో మేము తప్పించుకోజూస్తున్న ప్రశ్న ఎదుటికి వచ్చింది. ఒక కారు అసలు రూపానికి రావాలంటే మరొక కారు ముక్కలు కావాలి. పునరుద్ధరణను మెచ్చుకొనే వ్యాసాలలో ఆ రెండవ కారు పేరు ఎక్కడా ఉండదు.

చట్టమేమంటుంది? 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం 50 ఏళ్లు దాటిన పాత వాహనాలకు ప్రత్యేక నమోదును ప్రకటించింది. ఛాసిస్, ఒళ్లు, ఇంజను మార్పుచేర్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలి. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు. అలా నమోదైన వాహనాన్ని రోజువారీ పనులకు గానీ, వ్యాపారానికి గానీ నడపరాదు. ఆ మరుసటి నెలలోనే పాత వాహనాల తుక్కు విధానం కూడా మొదలైంది. చేవెళ్ల కారు ఈ రెండింటి మధ్య నిలబడి ఉంది.

ఇంగ్లండులో 1990లో ఒక విచిత్రమైన వ్యాజ్యం నడిచింది. 1929, 1930 సంవత్సరాలలో లె మాన్ పందెం గెలిచిన "ఓల్డ్ నంబర్ వన్" అనే బెంట్లీ కారు అమ్మకానికి వస్తే, అందులో గెలిచిననాటి భాగాలు ఏమంత మిగల్లేదు కనుక అది ఆ కారు కాదని కొనేవారు వాదించారు. న్యాయమూర్తి ఆటన్ ఒప్పుకోలేదు. భాగాలు మారుతూ వచ్చినా ఆ కారు జీవితం తెగలేదు, కాబట్టి అదే కారు అని తేల్చారు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2013లో ఖాయం చేసిన ట్యురిన్ ఒడంబడిక కూడా వాడకంలో వచ్చిన మార్పులను చరిత్రలో భాగంగానే చూస్తుంది. మార్చిన భాగాలను చెరగని గుర్తుతో తెలియజేయమంటుంది.

మన సాహిత్యంలో ఈ చర్చ కొత్తది కాదు. సి.పి.బ్రౌను ఊరూరి నుండి తాళపత్రాలు తెప్పించి, పాఠాలు పోల్చి, 1829లో వేమన పద్యాలను అచ్చువేయించాడు. పలు ప్రతుల నుండి మంచి పాఠాలను ఏరి కూర్చినప్పుడు వచ్చే గ్రంథం అంతకుముందు ఏ ఒక్క తాటాకు కట్టలోనూ ఉన్నది కాదు. అయినా బ్రౌను చూసిన ప్రతులు ఆ పనివల్ల నశించలేదు. కారు విషయంలో పాఠం ఎత్తి వ్రాసుకోవడం కుదరదు, ఆకునే చించి తెచ్చుకోవాలి. అందుకే ఇక్కడ పరిష్కర్త చెయ్యి మరింత పొదుపుగా ఉండాలి.

చివరకు మేము చేసినది ఇది. చేవెళ్ల కారు నుండి జాలీ, మీటరు, ఈ రెండే తీసుకొన్నాము. మిత్రుని కారుకున్న మార్క్ 3 జాలీని, కిలోమీటర్ల మీటరును దానికి బిగించి ఇచ్చాము. సెల్ఫు మోటారు, తలుపులు ముట్టలేదు. దీనివల్ల ఒక కారులో ప్రక్షిప్తాలు తగ్గాయి, మరొకదానిలో రెండు పెరిగాయి. ఈ లెక్కను దాచకుండా ఒక నోటు పుస్తకంలో ఏ భాగం ఏ ఛాసిస్ నంబరు నుండి ఏ తేదీన వచ్చిందో వ్రాసి, ఒక ప్రతి పెద్దాయనకు ఇచ్చాము. పాడి ముద్ర ఉన్న సెల్ఫు మోటారు మిత్రుని కారులోనే ఉంది, చక్కగా తిరుగుతోంది.

మరొక్క భాగం సంగతి చెప్పాలి. మిత్రుని కారు డిక్కీ మూతను నిలబెట్టే చువ్వ కంపెనీది కాదు. ఎవరో కమ్మరి కొలిమిలో కాల్చి, సాగగొట్టి, ఎడ్లబండి సామానుకు పెట్టినట్లే కొసన మెలిక తిప్పి చేసినది. మాయాపురిలో అసలు చువ్వ దొరికింది, తెప్పించుకొన్నాము కూడా. రెండింటినీ బల్ల మీద ప్రక్కప్రక్కన పెట్టి చాలాసేపు చూశాము. ఇప్పుడు డిక్కీని మోస్తున్నది కమ్మరి చువ్వే. కంపెనీ చువ్వ చిన్న చీటీతో డిక్కీలో ఒక మూల ఉంది. ఎవరో తెలియని ఆ పనివాడి చేతిపని ఇంకెక్కడ మిగిలి ఉందో మాకు తెలియదు, ఈ కారులో మాత్రం ఉంది.

మీ ఇంటి వెనుకో, ఊళ్లో తాతగారి కొట్టంలోనో పాత అంబాసిడరు గానీ, ఫియట్ గానీ ఉంటే దానికి రంగు కొట్టించే ముందు, తుక్కువాడిని పిలిచే ముందు, ఒక్క పూట దాని ప్రక్కన కూర్చోండి. నంబర్లు, ముద్రలు, రంగుల పొరలు వ్రాసిపెట్టుకోండి. దాన్ని బాగుచేసిన మేస్త్రీలలో ఎవరైనా బ్రతికి ఉంటే వారిని అడగండి. తెలిసినవి ఇక్కడ కూడా వ్రాస్తే అందరం చదువుకొంటాము.