రంప జలపాతం దాకా ఒక్కరోజు నడక, దాని వెనకున్న పితూరీ



మా హాస్టల్ వాళ్ళం పద్నాలుగు మందిమి కార్తీకంలో ఒక రోజు రంప జలపాతానికి నడిచి వెళ్దామనుకున్నాం. బస్సు, తిండి, వార్డెన్ సార్ పర్మిషన్, ఇవన్నీ పావుగంటలో తేలిపోయాయి. కానీ ప్లాన్ రాయడానికి మూడు రాత్రులు పట్టింది. ఎందుకంటే ఫస్టియర్ తమ్ముడు ఒకడు "అసలు రంప అంటే ఏంటన్నా?" అని అడిగాడు. ఊరి పేరు అన్నాం. జలపాతం పేరు అన్నాం. ఒకరు "అల్లూరి సీతారామరాజు" అన్నారు. అక్కడితో మా దగ్గరున్న సరుకు అయిపోయింది. మాలో ఆరుగురం ఆ కొండల్లో పుట్టినవాళ్ళమే. కొండరెడ్లం ఉన్నాం, కోయవాళ్ళం ఉన్నాం. సిగ్గేసింది. ఆ మూడు రాత్రులు లైబ్రరీ పుస్తకాలు, పాత గెజిటీర్ ముందేసుకుని చదివాం. అర్థమైనంత మేర ఇక్కడ పెడుతున్నాం.

ఫోన్‌లో "రంప" అని కొడితే నీళ్ళు, రాళ్ళు, సెల్ఫీలు, బొంగులో చికెన్ వస్తాయి. రంపచోడవరం నుంచి నాలుగు కిలోమీటర్లు, పిక్నిక్‌కి బావుంటుంది అని ఉంటుంది. అబద్ధమేం కాదు, నిజంగానే బావుంటుంది. కానీ నూటయాభై ఏళ్ళ కిందట తెల్లదొరల కాగితాల్లో రంప అంటే జలపాతం కాదు, గోదావరికి ఉత్తరాన వందల చదరపు మైళ్ళ కొండసీమ మొత్తం. ఆ కాగితాల్లో రంప పక్కన ఎప్పుడూ ఉండే ఇంకో మాట పితూరీ. మన ముసలోళ్ళు ఇప్పటికీ ఆ మాట వాడతారు. మాలో ఒకడి తాత అయితే ఊళ్ళో ఏ పెద్ద గొడవైనా "పితూరీ లేచింది" అంటాడు. ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకీ తెలీదు, అలవాటుగా వస్తుంది నోట్లోంచి.

స్కూల్లో మనం చదివింది 1922 సంగతి. ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్, తర్వాత కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. 1924 మే 7న రాజుగారిని కాల్చేశారు. గంటందొర, మల్లుదొర పేర్లు పాఠంలో ఒక వాక్యంలో వచ్చి పోతాయి. ఆ గాం మల్లుదొరే 1952లో లోక్‌సభకి గెలిచాడని మాలో ఒక్కరికి కూడా ముందు తెలీదు. సరే, అది అందరికీ తెలిసిన పోరాటం. దానికి నలభై మూడేళ్ళ ముందు, 1879 మార్చిలో, మనం బస్సు దిగబోయే చోడవరంలోనే మొదలైన పితూరీ గురించి ఎవరూ చెప్పలేదు.

అది దేని కోసం లేచిందో చదివితే మాకు ఆశ్చర్యమేసింది. సింహాసనం కోసం కాదు. కల్లు కోసం.

అప్పట్లో రంపకి ఒక మన్సబుదారు ఉండేవాడు. ఆయన కింద ముఠాదారులు, ఒక్కొక్కరి కింద కొన్ని ఊళ్ళు. 1848లో కంపెనీవాళ్ళు ముఠాదారులకీ మన్సబుదారుకీ మధ్య రాజీ కుదిర్చారు, ఏటా ఇంత కట్టాలని. ఆయన దాంతో ఆగలేదు. కల్లు గీసే చెట్ల మీద చిగురుపన్ను అని ఒకటి వసూలు చేశాడు. ఆపైన సర్కారు ఆబ్కారీ చట్టం వచ్చింది. ఇంట్లో తాగడానికి కూడా ఎవరూ సొంతంగా కల్లు గీయకూడదు, పాట పాడుకున్నవాడికే ఆ హక్కు అన్నారు. ఆ పాటని మన్సబుదారే పాడుకుని, కింద మైదానం నుంచి వచ్చినవాళ్ళకి తిరిగి అమ్మాడు.

కల్లుకే ఇంత గొడవా అని మైదానం ఫ్రెండ్స్ నవ్వొచ్చు. మా హాస్టల్లో నవ్వారు కూడా. మనకి తెలుసు కదా, ఎండాకాలం గింజలు అయిపోయాక జీలుగు చెట్టే ఇంటికి దిక్కు. కల్లు తాగి పనికి పోతారు. మరీ కరువైతే చెట్టు కొట్టి లోపలి పిండితో గంజి కాస్తారు, మామిడి టెంక అంబలి లాగే. జీలుగు చెట్టు మీద పన్నంటే కంచం మీద పన్నే. తాత నాటిన చెట్టు కల్లు తాగినందుకు ఎవడో వచ్చి డబ్బు అడిగితే ఎలా ఉంటుందో ఒకసారి అనుకోండి.

ఇంకో కారణం అప్పులు. మైదానం వ్యాపారులు ఉప్పు, బట్ట అరువిచ్చి కాగితం రాయించుకునేవారు. కోర్టు ఎక్కడో కింద. మనోళ్ళకి సమన్లు అంటే ఏంటో తెలీదు, వెళ్ళేవారు కాదు. వెళ్ళకపోతే తీర్పు అవతలివాడికే. కొద్ది రూపాయల అప్పుకి పశువుల్ని తోలుకుపోయేవారు. అదే ఏడాది పితూరీ రేకపల్లి వైపు పాకినప్పుడు అక్కడ కారణం పోడు. 1874లో భద్రాచలం తాలూకాని మధ్య పరగణాల నుంచి మద్రాసు కింద కలిపాక పోడు మీద పన్ను పెరిగింది, కొన్ని చోట్ల అసలు కొట్టొద్దన్నారు.

అంబటి రేవులా ఒక్క చోట మొదలై అక్కడే ఆగలేదు. మార్చిలో రంప, ఏప్రిల్లో గొలుగొండ కొండలు, జూలైలో రేకపల్లి. పోలీసులతో కాదని సర్కారు సైన్యాన్ని దించింది. ఆ సిపాయిల్ని మనోళ్ళ బాణాలకంటే మన్యం జ్వరమే ఎక్కువ పడగొట్టింది. ద్వారబంధాల చంద్రయ్య అడ్డతీగల ఠాణాని తగలబెట్టాడు. కారం తమ్మన్నదొర నెలల తరబడి దొరకలేదు. 1880లో ఇద్దర్నీ చంపేశారు. మన్సబుదారు రాజ్యం మాత్రం పోయింది. సర్కారు నేరుగా ముఠాదారులతోనే ఒప్పందాలు చేసుకుంది.

ఇక్కడ మాలో మాకే గొడవైంది. ఒకరు ఇది పూర్తి ఆదివాసీ స్వాతంత్ర్య పోరాటం అని పోస్టులో రాద్దామన్నారు. మాకు అంత తేలిగ్గా అనిపించలేదు. ముఠాదారులు కూడా వసూలు చేసేవాళ్ళే. వాళ్ళ తగాదా వాళ్ళకుంది, వాళ్ళ వెనక నడిచిన పేద ఇంటివాళ్ళ ఆకలి వేరే ఉంది. ఆ ఏడాది రెండూ కలిశాయి. ఆ పేదవాళ్ళ పేర్లేవీ మేం చదివిన దాంట్లో లేవు. ఆడవాళ్ళ పేరు ఒక్కటి కూడా కనపడలేదు. రాసినవాళ్ళు కలెక్టర్లు, సిపాయి ఆఫీసర్లు, వాళ్ళకి కనపడింది దొరలే. మా చెల్లి ఒకతి "సైన్యం వచ్చినప్పుడు పిల్లల్ని పట్టుకుని అడవిలోకి పోయింది ఎవరన్నా మరి?" అంది. మా దగ్గర జవాబు లేదు.

పితూరీ అణిగిన రెండేళ్ళకి 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అనే మాట మన కొండల మీదకి దాంతోనే ఎక్కింది. 1922లో మళ్ళీ లేచినప్పుడు పోడు మీద ఆంక్షలు, రోడ్డు పనికి కూలీ ఇవ్వకుండా తోలడం, ఇవే కారణాలు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చేదాకా ఎన్ని ఏళ్ళో లెక్కేసుకోండి, 124.

ఇదంతా నడకకి ఎందుకంటారా? పోయినేడు మాలో ముగ్గురు వేరే జలపాతానికి వెళ్తే గేటు దగ్గర ఒకాయన "ఎక్కడోళ్ళు మీరు, లోపలికెందుకు?" అన్నాడు. కారులో వచ్చినవాళ్ళని టికెట్ డబ్బులు మాత్రమే అడిగాడు. మావాళ్ళకి ఆ రోజు నోట మాట రాలేదు, వెనక్కొచ్చేశారు. ఈసారి ఎవరైనా అడిగితే ఎక్కడోళ్ళమో చెప్పడానికి మనకి ఒక కథ ఉండాలని. గొడవ పడటానికి కాదు, టికెట్ ఉంటే కొనుక్కుందాం.

ఇక ప్లాన్. రెండో శనివారం. ఆదివారం వద్దు, కార్తీక వనభోజనాల బ్యాచులతో కిక్కిరిసిపోతుంది. వానాకాలంలో అసలొద్దు, పైన కొండలో వాన పడితే కింద మనకి తెలియకుండా నీళ్ళు పెరుగుతాయి. రాజమండ్రి నుంచి గోకవరం మీదుగా మొదటి బస్సు. రంపచోడవరంలో దిగి ఇడ్లీ తిని నడక. దారిలో రంప ఊళ్ళో రాతితో కట్టిన పాత శివాలయం దగ్గర కాసేపు కూర్చుని ఈ పోస్టు గట్టిగా చదువుతాం, తప్పులుంటే ఆ ఊరి పెద్దలే దిద్దుతారు. జలపాతం దగ్గర రాళ్ళు పాచి పట్టి ఉంటాయి, రబ్బరు చెప్పులు వద్దు. గుండంలోకి దిగేది లేదు, ఈత వచ్చినా సరే. పులిహోర అక్కలు చేస్తామన్నారు, అన్నలు మోస్తారు, ఆకులు తిరిగి తెచ్చేది కూడా అన్నలే. మూడున్నరకి వెనక్కి తిరగాలి.

వచ్చేవాళ్ళు ఈ లోపు ఇంటికి ఫోన్ చేసి అవ్వనో తాతనో ఒక్క మాట అడగండి: మన జీలుగు చెట్టు ఎవరు నాటారు, దాని మీద ఎప్పుడైనా ఎవరికైనా డబ్బు కట్టామా? వాళ్ళేం చెప్తే అది, వాళ్ళ మాటల్లోనే రాసుకుని రండి. తెలీదంటే తెలీదనే రాయండి. పేర్లు గురువారం రాత్రిలోపు కింద పెట్టండి, పులిహోరకి బియ్యం లెక్క చూసుకోవాలి.