ఆటిజం: లండను తల్లిదండ్రులు దిద్దిన చరిత్ర

గత సంక్రాంతి సభలో పాటల పోటీ జరుగుతుండగా, హాలు బయట మెట్లమీద ఒక తల్లి కూర్చుని ఉండటం చూశాను. ఒళ్ళో ఐదేళ్ళ కొడుకు. రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుని ముందుకీ వెనక్కీ ఊగుతున్నాడు. లోపలి లౌడుస్పీకరు మోత వాడు భరించలేకపోతున్నాడు. అటుగా వెళుతున్న ఒక పెద్దాయన "గారాబం ఎక్కువైందమ్మా" అని ఒక మాట అని వెళ్ళిపోయారు. ఆ తల్లి తల వంచుకుంది.

కాసేపటికి తండ్రి నన్ను పక్కకు పిలిచి, "డాక్టరు గారూ, వాడికి ఆటిజం అన్నారండీ. మనవాళ్ళెవరికీ చెప్పకండి. ఊళ్ళో అమ్మావాళ్ళకి కూడా మేము చెప్పలేదు" అన్నారు. ఆ తర్వాత మూడు ప్రశ్నలు వేశారు. మేమేం తప్పు చేశాం? వీడికి చదువు వస్తుందా? ఇంట్లో తెలుగు మానేయమంటున్నారు, మానేయమంటారా?

ఆ దంపతుల అనుమతితో, పేర్లు లేకుండా, ఈ వ్యాసం వ్రాస్తున్నాను. ఆ ప్రశ్నల్లో మొదటి రెండూ అరవై ఏళ్ళ క్రితం ఈ లండను నగరంలోనే తల్లిదండ్రులు అడిగినవి. జవాబులు సంపాదించడంలో కూడా వాళ్ళ చెయ్యి చాలా ఉంది. ఆ చరిత్ర తెలిస్తే మెట్లమీద కూర్చున్న ఆ తల్లి తల వంచుకోవలసిన పని లేదని మనకు అర్థమవుతుంది.

'ఆటిజం' అన్నది గ్రీకు భాషలో 'తాను' అనే అర్థం గల పదం నుంచి వచ్చిన మాట. స్విట్జర్లాండుకు చెందిన బ్లాయిలర్ అనే వైద్యుడు 1911లో స్కిజోఫ్రీనియా గురించి వ్రాస్తూ దీన్ని వాడాడు. 1920లలో మాస్కోలో గ్రున్యా సుఖరేవా అనే వైద్యురాలు ఇటువంటి ఆరుగురు మగపిల్లలను వర్ణించింది గాని, ఆ వ్రాత చాలాకాలం మరుగున పడిపోయింది. 1943లో అమెరికాలోని బాల్టిమోరులో లియో కానర్ 11 మంది పిల్లల గురించి వ్రాసిన వ్యాసంతో ఈ స్థితికి వైద్యశాస్త్రంలో చోటు దొరికింది. మరుసటి ఏడు వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ తన పరిశీలనలు ప్రకటించాడు.

కానర్ వ్యాసంలోనే రెండు పరస్పర విరుద్ధమైన విత్తనాలున్నాయి. ఈ పిల్లలు పుట్టుకతోనే ఇలా ఉన్నారని ఆయన వ్రాశాడు. ఆ పిల్లల తల్లిదండ్రుల్లో నిజంగా ఆప్యాయత గలవారు చాలా తక్కువమందేనని కూడా వ్రాశాడు. మొదటిది నిజం. లోకం పట్టుకున్నది మాత్రం రెండోదాన్ని. మంచుగడ్డవంటి తల్లి వల్లనే బిడ్డ ముడుచుకుపోతాడన్న వాదం ఇరవై ఏళ్ళు రాజ్యమేలింది. 1967లో షికాగోలో బ్రూనో బెటల్‌హైమ్ దాని మీద పెద్ద పుస్తకమే వ్రాశాడు. బిడ్డను కన్న తల్లిని బోనులో నిలబెట్టడానికి వైద్యులకు రుజువు కూడా అక్కరలేకపోయింది.

ఆ వాదాన్ని కూలగొట్టినవారిలో మొదటివాడు బెర్నార్డ్ రిమ్లాండ్. ఆయన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ఆటిజం ఉన్న బిడ్డకు తండ్రి. ఇది తల్లి పెంపకం వల్ల కాదు, శరీర ధర్మం వల్ల వచ్చిందని 1964లో వాదించాడు. 1969లో కానర్ స్వయంగా తల్లిదండ్రుల సభకు వెళ్ళి, దోషం మీది కాదని చెప్పాడు. 1977లో సూసన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ 21 కవల జంటలను పరిశీలించారు. ప్రతి జంటలోనూ ఒకరికైనా ఆటిజం ఉంది. ఒకే అండం నుంచి పుట్టిన 11 జంటల్లో 4 జంటలకు ఇద్దరికీ ఉంది. వేరువేరు అండాల నుంచి పుట్టిన 10 జంటల్లో ఒక్క జంటకైనా ఇద్దరికీ లేదు. సంఖ్య చిన్నదే అయినా, అది చూపిన దారి సరైనదని తర్వాతి పరిశోధనలన్నీ నిర్ధారించాయి. కనుక ఆ తండ్రి మొదటి ప్రశ్నకు జవాబు: ఏ తప్పూ చేయలేదు. టీకాల మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఎం.ఎం.ఆర్. టీకాకు ఆటిజానికి ముడిపెట్టిన 1998 నాటి వ్యాసం 12 మంది పిల్లల మీద వ్రాసినది. దాన్ని ప్రచురించిన 'లాన్సెట్' పత్రికే 2010లో ఉపసంహరించుకుంది. ప్రధాన రచయిత పేరు అదే ఏడు వైద్యుల పట్టిక నుంచి తొలగించబడింది.

ఇక చదువు సంగతి. అది తెలియాలంటే మామూలు బిడ్డ ఎలా నేర్చుకుంటాడో ముందు చూడాలి. మన తల్లులు చందమామను చూపిస్తూ గోరుముద్దలు తినిపిస్తారు. తల్లి వేలు చూపగానే ఏడాది బిడ్డ వేలి వెంట చంద్రుణ్ణి చూసి, మళ్ళీ తిరిగి తల్లి ముఖం చూస్తాడు. "నువ్వు చూసిందే నేనూ చూస్తున్నాను" అన్న ఆ చిన్న ఒప్పందం మీదనే మాటలు, ఆటలు, చదువు నిలబడతాయి. ఆటిజం ఉన్న బిడ్డలో తరచు ఈ మెట్టు ఆలస్యమవుతుంది, లేదా వేరే దారిన వస్తుంది. మాటలు రావచ్చు, రాకపోవచ్చు. తెలివి విశేషంగా ఉండవచ్చు, బాగా వెనుకబడవచ్చు. ఏ ఇద్దరు పిల్లలూ ఒకలా ఉండరు.

మేము మాట్లాడుతుండగా ఆ పిల్లవాడు వచ్చి తండ్రి చొక్కా పట్టుకుని "నీళ్ళు తాగుతావా?" అన్నాడు. "వద్దు నాన్నా" అన్నాడు తండ్రి. వాడు నేలమీద పడి ఏడ్చాడు. దాహం వేసింది వాడికి! అమ్మ గ్లాసు ఇచ్చేటప్పుడల్లా అనే మాట అది. వాడి దృష్టిలో ఆ మాటే నీళ్ళ పేరు. విన్నమాట విన్నట్టు అప్పజెప్పడం, నేను-నువ్వు తారుమారు కావడం కానర్ 1943లోనే గుర్తించిన లక్షణాలు. "కళ్ళు నెత్తికెక్కాయా" అంటే నెత్తి తడిమి చూసుకునే పిల్లలూ వీరిలో ఉంటారు.

మరొక సంగతి. మనవాళ్ళు "మావాడు మూడేళ్ళకే వేమన పద్యాలన్నీ చెబుతాడండీ" అని మురిసిపోతారు. లండనులో బీట్ హెర్మెలిన్, నీల్ ఓకానర్ చేసిన ప్రయోగాలు 1970లో పుస్తకంగా వచ్చాయి. మామూలు పిల్లలకు పొందికలేని మాటల వరుస కన్నా అర్థమున్న వాక్యం ఎంతో బాగా గుర్తుంటుంది. ఆటిజం ఉన్న పిల్లలకు ఆ తేడా చాలా తక్కువ. జ్ఞాపకశక్తి ఉంది, కాని దానికి అర్థం చేసే సాయం తక్కువన్నమాట. అందుచేత పద్యాలు అప్పజెప్పే పిల్లవాడికి "అన్నం కావాలి" అనడం విడిగా నేర్పవలసి రావచ్చు.

అలా విడిగా నేర్పవచ్చునని ఈ దేశానికి చూపించిన వ్యక్తి సిబిల్ ఎల్గర్. మాంటిసోరి పద్ధతిలో శిక్షణ పొందిన ఉపాధ్యాయిని. ఆ రోజుల్లో 1944 విద్యాచట్టం కింద కొందరు పిల్లలను "చదువుకు పనికిరారు" అని అధికారికంగా ముద్రవేసి, బడి గడప దాటనివ్వకుండా ఆరోగ్యశాఖ కేంద్రాలకో, ఆస్పత్రులకో పంపేవారు. 1962లో ఎల్గర్ లండను సెంట్ జాన్స్ వుడ్‌లోని తన ఇంటి నేలమాళిగలో అలాంటి పిల్లలకు పాఠాలు మొదలుపెట్టింది. ఆ ఏడే కొందరు తల్లిదండ్రులు కలిసి సంఘం పెట్టుకున్నారు. అదే నేటి నేషనల్ ఆటిస్టిక్ సొసైటీ. 1965లో ఆ సంఘం ఈలింగ్‌లో బడి తెరిచింది. ఎల్గర్ దాన్ని నడిపింది. ఆవిడ పద్ధతిలో మంత్రమేమీ లేదు. గోల లేని గది, రోజూ ఒకే క్రమం, తక్కువ మాటలు, కళ్ళతో చూసి చేతులతో చేసే పని, తొందరలేని ఓర్పు.

ఇది అభిమానంతో చెప్పే మాట కాదు. లారెన్స్ బార్టాక్, మైకేల్ రట్టర్ మూడు రకాల బడులను కొన్నేళ్ళపాటు పోల్చి చూసి, 1973లో ఫలితాలు ప్రకటించారు. క్రమపద్ధతిలో పాఠం చెప్పిన బడి పిల్లలే చదువులో ఎక్కువ ముందుకు పోయారు. అంతకు ముందే చట్టం కూడా మారింది. 1970లో చేసిన చట్టం 1971 ఏప్రిల్ నుంచి అమలై, ఇంగ్లండు, వేల్సులలో "చదువుకు పనికిరాని బిడ్డ" అన్న వర్గాన్నే తుడిచిపెట్టింది.

ఆ సంఘ స్థాపకులలో లోర్నా వింగ్ ఒకరు. భార్యాభర్తలిద్దరూ మానసిక వైద్యులే, కూతురికి ఆటిజం. ఆమె, జుడిత్ గూల్డ్ కలిసి దక్షిణ లండనులోని కాంబర్‌వెల్ ప్రాంతపు పిల్లలను పరిశీలించి 1979లో వ్రాసిన వ్యాసం, ఆటిజం ఒకే అచ్చులో పోసినట్టుండదని, దాని హద్దులు చాలా విశాలమని చూపింది. ఇది చదువుకున్నవారి ఇళ్ళలోనే ఎక్కువన్న పాత నమ్మకాన్ని కూడా వింగ్ 1980లో పరీక్షించి తోసిపుచ్చింది. పేరున్న డాక్టరు దాకా వెళ్ళగలిగినవారు చదువుకున్నవారే కనుక అలా కనిపించిందన్నమాట. నేడు మన కుటుంబాల్లో జరుగుతున్నది దీనికి సరిగ్గా తలకిందులు. డాక్టరు దాకా వెళ్ళగలిగిన మనమే, నలుగురికీ తెలుస్తుందేమోనని వెళ్ళడం లేదు.

మూడో ప్రశ్నకు జవాబు చెప్పేముందు నా తప్పు ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఒక కుటుంబానికి "ఇంట్లో ఇంగ్లీషొక్కటే మాట్లాడండి" అని సలహా ఇచ్చాను. అప్పటికి అందరూ అదే అనేవారు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాటలు మరింత వెనుకబడవని తర్వాత వచ్చిన పరిశోధనలు చెబుతున్నాయి. తెలుగు మానేసిన తల్లి బిడ్డతో అరువు భాషలో ముక్తసరిగా మాట్లాడుతుంది. జోల పోతుంది, కోపం పోతుంది, ఫోనులో అమ్మమ్మ పోతుంది. మాట నేర్చుకోవడానికే కష్టపడే బిడ్డకు మనుషులను తగ్గించడం వైద్యం కాదు.

ఊళ్ళో పెద్దలకు చెబితే మొక్కులు, తాయెత్తులు అంటారని భయం కొందరికి. కాని అక్కడా కాలం మారింది. సికింద్రాబాదులో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ 1984లోనే వెలిసింది. భారతదేశపు 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని పేరుపెట్టి గుర్తించింది.

చివరిగా రెండు మాటలు. మీ బిడ్డ పిలిస్తే పలకకపోయినా, వేలితో చూపించకపోయినా, వచ్చిన మాటలు పోయినా, "మగపిల్లలకు మాటలు ఆలస్యం" అని ఊరుకోకండి. జీపీకి, హెల్త్ విజిటరుకు, బడికి చెప్పండి. నిర్ధారణకు నిరీక్షణ దీర్ఘంగానే ఉంటుంది. అందాకా చదువు ఆగనక్కరలేదు. ఇంగ్లండులో 2014 చట్టం ప్రకారం, నిర్ధారణ పత్రం చేతికి రాకపోయినా, బిడ్డ విద్యావసరాలను పరిశీలించమని తల్లిదండ్రులే కౌన్సిలును అడగవచ్చు.

రెండోది మన సంఘానికి. ఉగాది సభకు హాలు పక్కన ఒక చిన్న గది, లౌడుస్పీకరు మోత వినిపించనిది, విడిగా ఉంచమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. నాలుగు చాపలు, ఒక మంచినీళ్ళ కూజా చాలు. ఎల్గరమ్మ అంతకంటే పెద్ద హంగుతో ఏమీ మొదలుపెట్టలేదు. ఆ పిల్లవాడు ఇప్పుడు "నీళ్ళు కావాలి" అంటున్నాడని మొన్న తండ్రి ఫోను చేశారు. అమ్మమ్మకు కూడా చెప్పేశారట.