ఇసుక బస్తాలు, విమానం పంపులు, ఒక ఇంపాలా

మా రూమ్మేటు ఒక పాత హోండా సివిక్ కొన్నాడు. కొన్న రెండో వారానికే దాన్ని కిందకి దించాలని పట్టుపట్టాడు. దించడమంటే సస్పెన్షన్ ఎత్తు తగ్గించి, కారు నేలమీద పాకుతున్నట్టు కనబడేలా చెయ్యడం అన్నమాట. "నువ్వు మెకానికలేగా, స్ప్రింగు ఒక చుట్టు కోసేస్తే చాలంట కదా, యాక్సా బ్లేడుకి ఎంతవుతుందిరా" అన్నాడు. మెకానికల్ చదివి జావా రాసుకుని బతికే నాబోటి వాళ్ళు జనానికి ఇలాంటప్పుడే గుర్తొస్తారు. మనూళ్ళో స్పీడు బ్రేకరు దాటేటప్పుడు కారు అడుగు తగలకుండా ఉంటే చాలు దేవుడా అనుకుంటాం. వీడేమో ఏరికోరి తగిలించుకుంటానంటాడు :)

వద్దని అప్పటికి నోరు మూయించాను గానీ, అసలీ పిచ్చి ఎక్కడ మొదలైందా అని చదువుతూ పోతే, తీగ మేముండే శాన్ హోసే దాకా పాకింది. అందుకే ఇదంతా రాస్తున్నా.

కథ మొదలయ్యేది మాత్రం లాస్ ఏంజెలెస్‌లో, 1940లలో. అక్కడి మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్ళకి ఊళ్ళో ఉన్న మర్యాద ఎంతంటే, 1943 జూన్‌లో నావికా దళం వాళ్ళు వీధులమీద పడి, వదులు సూట్లు వేసుకున్న కుర్రాళ్ళని దొరికినవాళ్ళని దొరికినట్టు కొట్టి, ఆ బట్టలు చింపేశారు. పోలీసులు ఎక్కువగా అరెస్టు చేసింది తన్నులు తిన్నవాళ్ళనే. అవే వాడల్లోంచి యుద్ధానికి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చాక చేతిలో కాస్త డబ్బుతో పాత షెవర్లేలు కొన్నారు. అప్పట్లో తెల్ల కుర్రాళ్ళ సరదా హాట్ రాడ్. ఇంజను పెంచు, వెనక భాగం ఎత్తు, దూసుకుపో. వీళ్ళు సరిగ్గా దానికి తిరగేసి చేశారు. వెనక భాగం దించు, నెమ్మదిగా పో, నలుగురూ చూడాలి. స్పానిష్‌లో వాళ్ళ మాట 'బహీతో ఇ సువావెసీతో'. కిందగా, మెల్లగా అని.

డబ్బుల్లేవు కాబట్టి అన్నీ ఇంటి వైద్యాలే. అన్నిటికన్నా చవకది డిక్కీలో ఇసుక బస్తాలో సిమెంటు బస్తాలో పడెయ్యడం. వెనక స్ప్రింగులు అణిగి కారు కూర్చుంటుంది. హెడ్‌లైట్లు చుక్కల్ని చూస్తాయి, బ్రేకులు మొరాయిస్తాయి, కానీ సోమవారం పొద్దున బస్తాలు దించేస్తే కారు మళ్ళీ మామూలే.

రెండోది, వెనక కమాను కట్టలున్న కార్లకి ఇరుసుకీ కమానుకీ మధ్య ఒక దిమ్మ పెట్టి, పొడుగు యూ బోల్టులతో బిగించడం. ఇక్కడో తమాషా ఉంది. మన లారీల్లో కమాను ఇరుసు పైన కూర్చుంటుంది, అక్కడ దిమ్మ పెడితే బండి లేస్తుంది. ఆ కార్లలో కమాను ఇరుసు కిందుంటుంది, అదే దిమ్మ బండిని దించుతుంది.

మూడోది మావాడు అడిగింది, చుట్ల స్ప్రింగుని కొయ్యడం. చాలామంది అనుకునేదేమిటంటే కోస్తే స్ప్రింగు బలహీనపడుతుందని. కాదు, గట్టిపడుతుంది. అదే బరువుకి ఎనిమిది చుట్లు కుంగే చోట ఇప్పుడు ఏడు చుట్లే కుంగుతాయి, కాబట్టి స్ప్రింగు బిగువు ఏడింట ఒక వంతు, అంటే దాదాపు 14 శాతం పెరుగుతుంది. ఎత్తు తగ్గాక అడుగు తగలకుండా ఉండాలంటే స్ప్రింగు ఎలాగూ కాస్త గట్టిగానే ఉండాలి కాబట్టి, తెలిసో తెలియకో వాళ్ళు చేసింది మరీ తెలివితక్కువ పనేం కాదు. అసలు ప్రమాదం నాలుగో పద్ధతిలో ఉంది. గ్యాస్ టార్చితో స్ప్రింగుని ఎర్రగా కాల్చి అణగనివ్వడం. కాలిన చోట ఉక్కు పదును పోతుంది, తర్వాత ఎప్పుడు ఎంత కుంగుతుందో ఎవడూ చెప్పలేడు.

ఇలా నడుస్తుండగా, కాలిఫోర్నియాలో 1958లో ఒక చట్టం అమల్లోకొచ్చింది. తర్వాత వెహికల్ కోడ్‌లో సెక్షన్ 24008 అయింది ఇదే. మార్పులు చేసిన కారులో చక్రాలు తప్ప ఏ భాగమూ రిమ్ము అడుగు అంచు కన్నా కిందకి ఉండకూడదు. ఇంజనీరుగా చూస్తే ఇందులో అర్థముంది. టైరు పేలితే కారు రిమ్ము మీద ఆగాలి గానీ ఛాసిస్ రోడ్డుకి రాసుకోకూడదు. కానీ ఆ వాడల్లో చాలాసార్లు ఇది కారాపడానికి ఒక సాకు అయింది. టేపు పెట్టి కొలవడం, టికెట్ రాయడం. ఎవరి కార్లు ఆపారో వేరే చెప్పక్కర్లేదు.

శాన్ బెర్నార్డినోలో రాన్ అగిర్రే అనే కుర్రాడికి 1957 మోడల్ కార్వెట్ ఉండేది. టికెట్లు తిని తిని విసుగెత్తి, 1959లో విమానాల పాత సామాన్లలోంచి హైడ్రాలిక్ పంపులు, వాల్వులు తెచ్చి కారుకి బిగించాడు. స్విచ్ నొక్కితే పంపు సిలిండర్లలోకి నూనె తోస్తుంది, కారు లేస్తుంది. వాల్వు తెరిస్తే నూనె వెనక్కి పోతుంది, కారు దిగుతుంది. పోలీసు కనబడితే చట్టం ఎత్తు, పోగానే తన ఎత్తు. మన భాషలో చెప్పాలంటే, అప్పటిదాకా హార్డ్‌కోడ్ చేసిన నంబరుని రన్‌టైమ్‌లో మార్చుకునేలా చేశాడు. చట్టమే లేకపోతే ఈ పంపులు ఎవడైనా పెట్టేవాడా అని నాకు అనుమానం.

అదే 1958లో షెవర్లే ఇంపాలా వచ్చింది. నాలుగు చక్రాలకీ చుట్ల స్ప్రింగులు, అడుగున ఎక్స్ ఆకారపు ఫ్రేము, పక్కల అడ్డంగా ఉండే పట్టీలు లేవు. దించడానికే పుట్టినట్టుంది. 1964 వరకూ వచ్చిన ఇంపాలాలు ఈ లోకంలో దేవుడి పటాల్లాంటివి.

ఇక మా ఊరు. లోరైడర్ పత్రిక 1977లో మొదలైంది శాన్ హోసేలోనే. అచ్చులో 2019 దాకా నడిచింది. ఊరికి తూర్పున స్టోరీ రోడ్డు, కింగ్ రోడ్డు కలిసే చోటు 1970లలో ఈ కార్ల ఊరేగింపులకి పెట్టింది పేరు. 1986లో నగరం ఆ తిరుగుళ్ళని నిషేధించింది. వేగంగా పోయినందుకు కాదండీ, ఒకే రోడ్డు మీద నెమ్మదిగా పదేపదే తిరిగినందుకు! ఆ నిషేధం 2022లో పోయింది. రాష్ట్రం మొత్తానికీ ఏబీ 436 అనే చట్టం 2023 అక్టోబరులో ఆమోదం పొంది, 2024 జనవరి 1 నుంచి క్రూజింగ్ నిషేధాలనీ, ఆ పాత రిమ్ము నిబంధననీ కలిపి ఎత్తేసింది. అరవై అయిదేళ్ళు పట్టింది.

ఒక మాట ఒప్పుకోవాలి. ఇక్కడికొచ్చిన కొత్తలో అలాంటి కారు పక్కకొస్తే నేను లేన్ మార్చేవాణ్ణి. రౌడీల బళ్ళని ఎవరో చెప్పారు, నమ్మేశాను. మనకి అసలే పోలీసు లైటు వెనక వెలిగితే వీసా గుర్తొస్తుంది కదా. మా అపార్ట్‌మెంట్ వెనక వీధిలో ఒక పెద్దాయనకి ఇంపాలా ఉంది. మొన్నొక ఆదివారం ధైర్యం చేసి పలకరించాను. స్విచ్ నొక్కి చూపించాడు, కారు నిట్టూర్చినట్టు నేలకి దిగింది. వాళ్ళ నాన్న సిమెంటు బస్తాల తరంవాడట. ఒకసారి డిక్కీలోకి వాన నీళ్ళు దిగి బస్తాలు రాయైపోయాయట. ఆ కారు అమ్మేదాకా అలాగే తిరిగిందని చెప్పి నవ్వాడు. ఆ వయసులో తననీ ఎన్నోసార్లు ఆపారని కూడా నవ్వుతూనే చెప్పాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మావాడు చివరికి యాక్సా బ్లేడు ముట్టుకోలేదు. సివిక్‌లో స్ప్రింగు బిగించి ఉండగా ముట్టుకుంటే ప్రాణానికే ప్రమాదమని నేను భయపెట్టాను, అది నిజమే కూడా. దించడానికని తయారుచేసిన పొట్టి స్ప్రింగులు వాడేసినవి ఎవరి దగ్గరో బేరమాడి తెచ్చాడు. కంప్రెసరు అద్దెకి తెచ్చి రెండు శనివారాలు తంటాలు పడ్డాం. అంగుళంన్నర దిగింది. కొలిచి చూశాం, రిమ్ము అంచుకి ఇంకా పైనే ఉంది. పాత స్ప్రింగులు బాల్కనీలో చిక్కుడు కుండీ పక్కన ఉన్నాయి. పారెయ్యమంటే ఒప్పుకోడు. వీసా తేలకపోతే కారు అమ్మాలిగా, అప్పుడు మళ్ళీ ఎక్కించాలి అంటాడు.