కంప్యూటర్ చావలేదు, పిలుస్తోంది: అప్‌గ్రేడ్ చేశాక ఆగిపోయే పీసీల 40 ఏళ్ళ కథ

ఇవాళ ఒక హిస్టరీ చెప్పుకుందాం. రాజులూ యుద్ధాలూ కాదు. టేబుల్ కింద దుమ్ము పట్టి కూర్చునే డబ్బా హిస్టరీ. కొత్త పార్ట్ కొంటాం, ఆశగా పెడతాం, బటన్ నొక్కుతాం. ఫ్యాన్ తిరుగుతుంది, స్క్రీన్ మాత్రం నల్లగా ఉండిపోతుంది. గుండె జారిపోయే ఆ క్షణం ఉంది చూశారా, దాని హిస్టరీ.

ముందు నా సంగతి చెప్తా. 2006. నేను ఇంటర్ సెకండ్ ఇయర్. ఇంట్లో ఒక అసెంబుల్డ్ కంప్యూటర్ ఉండేది. పెంటియమ్ 4, 256 ఎంబీ ర్యామ్. నాన్న చిట్టీ పాడి కొన్నది. అక్క ఎంసీఏ ప్రాజెక్ట్ మొత్తం అందులోనే ఉంది, ఇంకో వారంలో సబ్మిట్ చెయ్యాలి. నేనేమో దాచుకున్న డబ్బులు పట్టుకుని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి, అదేనండి, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళి ఇంకో 256 ఎంబీ ర్యామ్ కొనుక్కొచ్చా.

కవర్ విప్పా. పాత ర్యామ్ మీద దుమ్ముంటే దాన్ని కూడా తీసి, తుడిచి, మళ్ళీ పెట్టా. పక్కన కొత్తది పెట్టా. ఆన్ చేశా. స్క్రీన్ మీద ఏమీ రాలేదు. లోపల్నించి మాత్రం కూ... కూ... అని పొడుగ్గా, ఆగకుండా ఒక మోత. భయమేసి కొత్త ర్యామ్ పీకేశా. అయినా అదే మోత!

మూడు రోజులు ఇంట్లో "మానిటర్ ప్రాబ్లం" అని అబద్ధం చెప్పా. మా వీధి చివర ఒకాయనకి చూపిస్తే, కవర్ కూడా విప్పకుండానే "మదర్‌బోర్డ్ పోయింది బాబూ, 3,500 అవుతుంది" అన్నాడు. ఆ డబ్బు నేనెక్కడ తేను? చివరికి ర్యామ్ అమ్మిన అన్నకి ఫోన్ చేశా. "ఫోన్ ఆ డబ్బా దగ్గర పెట్టు" అన్నాడు. రెండు కూతలు విన్నాడు. "అది చావలేదురా, పిలుస్తోంది. ర్యామ్ కనబడట్లేదంటోంది. పాతదాన్ని తీసి, రెండు వైపులా టక్‌మని వినబడేదాకా నొక్కు" అన్నాడు. నొక్కా. ఆన్ అయింది.

నేను చేసిన తప్పేంటో తర్వాత అర్థమైంది. నేను మార్చింది ఒక్కటే అనుకున్నా. నిజానికి రెండు మార్చా. పాతదాన్ని తీసి పెట్టడం కూడా ఒక మార్పే కదా. దాన్ని లెక్కలో వేసుకోలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

సరే, అసలు ఆ డబ్బాకి పిలవడం ఎవరు నేర్పారు?

1981 ఆగస్టు 12. అమెరికాలో ఐబీఎమ్ కంపెనీ తన పర్సనల్ కంప్యూటర్‌ని బయటపెట్టింది. మోడల్ నంబర్ 5150. ఫ్లోరిడాలోని బోకా రాటన్‌లో డాన్ ఎస్ట్రిడ్జ్ నడిపించిన టీమ్ చేసింది. మొదటి ధర 1,565 డాలర్లు, అందులో మెమరీ 16 కేబీ. కేబీ ఫ్రెండ్స్! ఇప్పుడు మీరు వాట్సాప్‌లో పంపే ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. కానీ లోపల 5 ఎక్స్‌పాన్షన్ స్లాట్లు పెట్టారు. అంటే, ఇంటి ఓనరే మూత తీసి కొత్త కార్డులు పెట్టుకోవచ్చు. బయటి కంపెనీలు కూడా కార్డులు చేసుకోవచ్చు. తలుపు తీశారు. తలుపుతో పాటు తలనొప్పి కూడా లోపలికొచ్చింది.

ఆ మెషిన్‌కి ఒక అలవాటు ఉండేది. ఆన్ చెయ్యగానే తనని తాను పరీక్ష చేసుకునేది. దీన్నే పవర్ ఆన్ సెల్ఫ్ టెస్ట్ అంటారు. అంతా బాగుంటే ఒక చిన్న బీప్. తేడా ఉంటే స్క్రీన్ మీద ఒక నంబర్. 201 అంటే మెమరీ, 301 అంటే కీబోర్డ్. స్క్రీనే రాకపోతే నంబర్ ఎక్కడ చూపిస్తుంది? అందుకే బీప్‌ల భాష. ఆ తర్వాత బయాస్ చేసిన కంపెనీలు తలా ఒక బీప్ భాష పెట్టుకున్నాయి. మా ఇంట్లో మోగిన కూత ఆ వంశంలోదే.

కానీ 5150కి ఒక లోటుంది. తనలో ఎంత మెమరీ ఉందో దానికి సొంతంగా తెలీదు, మనం చెప్పాలి. మదర్‌బోర్డ్ మీద రెండు చిన్న స్విచ్ బ్లాకులు, ఒక్కోదాంట్లో 8 స్విచ్‌లు. మెమరీ పెంచితే ఆ స్విచ్‌లు కూడా మార్చాలి. మర్చిపోయారా, డబ్బు పోసి కొన్న మెమరీ లోపల ఉన్నా లేనట్టే.

ఇంకా అసలు కథ హార్డ్ డిస్క్‌ది. 1983లో ఐబీఎమ్ ఎక్స్‌టీ అనే కొత్త మోడల్ తెచ్చింది, 10 ఎంబీ హార్డ్ డిస్క్‌తో. పాత 5150 ఉన్నవాళ్ళకి ఆశ పుట్టదా మరి? మనమూ పెట్టుకుందాం అనుకున్నారు. పెట్టారు. రెండు గోడలు తగిలాయి.

మొదటి గోడ కరెంట్. 5150 పవర్ సప్లై 63.5 వాట్లు మాత్రమే. ఎక్స్‌టీకి 130 వాట్లు ఇచ్చారు. తేడా చూడండి, రెట్టింపు పైనే! ఆ కాలం డిస్క్ తిరగడం మొదలెడితే పాత సప్లై మొయ్యలేదు. రెండో గోడ బయాస్. అంటే మెషిన్ లేవగానే చదివే మొదటి ప్రోగ్రాం. మొదట్లో వచ్చిన 5150ల బయాస్‌కి హార్డ్ డిస్క్ కార్డు మీదుండే ప్రోగ్రాంని వెతకడమే తెలీదు. 1982 అక్టోబర్ 27 తేదీ ఉన్న బయాస్‌తో ఆ తెలివి వచ్చింది. అప్పట్లో బయాస్ అప్‌డేట్ అంటే డౌన్‌లోడ్ కాదు, పాత చిప్ పీకి కొత్త చిప్ పెట్టడం.

ఇప్పుడు 40 ఏళ్ళు ముందుకి రండి. మీ ఫ్రెండ్ పాత పీసీలో ఆర్‌టీఎక్స్ 3060 పెట్టాడనుకోండి. ఆ కార్డ్ ఒక్కటే దాదాపు 170 వాట్లు తాగుతుంది. మదర్‌బోర్డ్ స్లాట్ ఇచ్చేది 75 మాత్రమే, మిగతాది పవర్ సప్లై నుంచి వేరే వైరుతో రావాలి. ఎన్విడియా చెప్పే లెక్క 550 వాట్ల సప్లై. పాత సప్లై చాలకపోతే గేమ్ మొదలవగానే టప్‌మని ఆగిపోతుంది. మొదటి గోడ అక్కడే ఉంది.

రెండోది కూడా. 2018లో ఏఎమ్‌డీ కొత్త రైజెన్ చిప్‌లు వచ్చాయి. పాత మదర్‌బోర్డుల్లో సరిగ్గా కూర్చుంటాయి, కానీ బయాస్ అప్‌డేట్ కాకపోతే బోర్డ్ ఆ చిప్‌ని గుర్తుపట్టదు. అప్‌డేట్ చెయ్యాలంటే కంప్యూటర్ ఆన్ అవ్వాలి, ఆన్ అవ్వాలంటే అప్‌డేట్ అవ్వాలి. పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు! చివరికి ఏఎమ్‌డీయే ఒక పాత రకం ప్రాసెసర్‌ని కస్టమర్లకి అప్పుగా పంపింది. బయాస్ అప్‌డేట్ చేసుకుని తిరిగి పంపెయ్యమని.

మధ్యలో ఇంకో కాలం ఉంది, దాని తలనొప్పి వేరు. 1989లో సింగపూర్ కంపెనీ క్రియేటివ్ సౌండ్ బ్లాస్టర్ కార్డ్ తెచ్చింది. ఆ రోజుల్లో ప్రతి కార్డూ ప్రాసెసర్‌ని పిలవడానికి ఒక లైన్ వాడేది, దాన్ని ఐఆర్‌క్యూ అంటారు. మొదటి పీసీలో ఇవి 8 మాత్రమే. సౌండ్ బ్లాస్టర్ ఫ్యాక్టరీ నుంచి 7వ లైన్ మీద వచ్చేది. ప్రింటర్‌ది కూడా 7వ లైనే! ఒకే ఇంటి కాలింగ్ బెల్ ఇద్దరు నొక్కుతుంటే తలుపు ఎవరి కోసం తియ్యాలి? లైన్ తప్పితే గేమ్‌లో శబ్దం మొదటి ముక్క దగ్గరే ఇరుక్కుని అదే మళ్ళీ మళ్ళీ వినిపించేది. కార్డ్ మంచిదే, కంప్యూటర్ మంచిదే, ఇద్దరికీ పొసగలేదంతే. కార్డ్ బయటికి తీసి, జంపర్ అనే చిన్న ప్లాస్టిక్ ముక్కని ఇంకో పిన్నుల మీదికి మారిస్తే తగువు తీరేది.

ఈ బాధ లేకుండా చేస్తామని 1995 ఆగస్టు 24న వచ్చిన విండోస్ 95 మాటిచ్చింది. ప్లగ్ అండ్ ప్లే. జనం దానికి ప్లగ్ అండ్ ప్రే అని పేరు పెట్టారు. అంటే తగిలించు, దణ్ణం పెట్టు! 1998 ఏప్రిల్‌లో చికాగోలో కామ్‌డెక్స్ సభ. బిల్ గేట్స్ స్టేజి మీదే ఉన్నాడు. విండోస్ 98 ఎంత తేలికో చూపిద్దామని ఒక స్కానర్ తగిలించారు. అందరి ముందూ నీలం స్క్రీన్. అందుకే కాబోలు దీన్నింకా అమ్మకానికి పెట్టలేదని గేట్స్ జోక్ చేసి తప్పించుకున్నాడు. కాబట్టి మీ ఇంట్లో ఆగిపోతే సిగ్గుపడకండి.

ఇప్పుడు మొత్తం కలిపి చూడండి. 1983లో డిస్క్, 1989లో సౌండ్ కార్డ్, 2018లో ప్రాసెసర్. వీటిలో ఏ ఒక్కటైనా కాలిపోయిందా? లేదు. పాత భాగానికీ కొత్త భాగానికీ మాట కుదరలేదు. ఆ తగువు స్విచ్‌ల నుంచి జంపర్‌కి, జంపర్ నుంచి డ్రైవర్‌కి మారుతూ వచ్చింది. విరుగుడు మాత్రం ఒక్కటే: ఆఖరిసారి బాగా నడిచిన స్థితికి వెళ్ళు, అక్కణ్ణించి ఒక్కొక్కటే మార్చు.

అది చేసే పద్ధతి చెప్తా. ముందు ప్లగ్ పీకండి. పవర్ సప్లై డబ్బాని మాత్రం ఎప్పుడూ విప్పకండి, లోపల ప్రమాదం. కొత్త పార్ట్ తీసి, పాతది పెట్టి చూడండి. నడిచిందా? అయితే కొత్తదానికి కరెంట్ చాలుతోందా, బయాస్‌కి అది తెలుసా, ఈ రెండూ చూడండి. నడవలేదా? అయితే పెట్టేటప్పుడు చెయ్యి తగిలి ఇంకేదో కదిలింది. ర్యామ్ రెండు వైపులా నొక్కండి. ప్రాసెసర్ పక్కన 4 లేదా 8 పిన్నుల పవర్ వైరు ఉంటుంది, అది ఊడితే ఫ్యాన్లు తిరుగుతాయి కానీ బొమ్మ రాదు. గ్రాఫిక్స్ కార్డ్ పెట్టాక మానిటర్ కేబుల్ ఇంకా మదర్‌బోర్డ్‌కే ఉందేమో చూడండి. ఈ కాలం బోర్డుల్లో చాలావాటికి బీప్ స్పీకర్ ఉండదు, బదులుగా చిన్న లైట్లు ఉంటాయి. ఏ లైట్ ఆగిపోకుండా వెలుగుతోందో, పిలుపు అక్కణ్ణించే. డీడీఆర్5 ర్యామ్ పెట్టిన కొత్త సిస్టమ్ అయితే మొదటిసారి కొన్ని నిమిషాలు నల్లగానే ఉండొచ్చు, అది మెమరీని సర్దుకుంటోంది. కంగారుపడి బటన్ నొక్కెయ్యకండి.

ఇక మా ఇంటి సంగతి. ఆన్ అయిన రోజు రాత్రి నాన్నకి నిజం చెప్పేశా. ఆయన తిట్టలేదు. "మూడు రోజుల నుంచి మీ అక్క ఏడుస్తోంది, దానికి ముందు చెప్పు" అన్నాడంతే. అక్క ప్రాజెక్ట్ హార్డ్ డిస్క్‌లో చెక్కుచెదరకుండా ఉంది, మొదటి నుంచీ ఉంది. అది పోయిందని మూడు రోజులు ఏడిపించింది కంప్యూటర్ కాదు, నేను.

అందుకే చెప్తున్నా ఫ్రెండ్స్, ఏదైనా ఆగిపోతే ముందు ఇంట్లో చెప్పండి. తర్వాత స్క్రూడ్రైవర్ పట్టుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.