గొట్టంలో ఒక్క బుడగ

(ఓ వంశపారంపర్య జబ్బున్న గర్భిణుల వైద్యంలో ఎదురయ్యే పరిస్థితుల ఆధారంగా, పేర్లు లేకుండా అల్లిన కథనం)

అర్ధరాత్రి దాటింది. బయట జడివాన. లేబర్ రూమ్ నిండా డెట్టాల్ వాసన. నిండు గర్భిణి లేచి కూర్చుంటే ఆక్సిజన్ 88కి జారుతోంది. పక్కకు తిప్పి పడుకోబెడితే 93కి ఎక్కుతోంది. నెలలు నిండినవాళ్లకి కూర్చుంటేనే కదా ఊపిరాడాలి! మత్తు డాక్టరమ్మ టార్చి వేసి పెదవులు చూసింది. చిన్న చిన్న ఎర్రచుక్కలు. నాలుక మీదా అవే.

"ముక్కులోంచి రక్తం కారుతుందా అమ్మా?"

పక్కనున్న తల్లి అందుకుంది. "చిన్నప్పట్నుంచీ అంతే డాక్టరమ్మా. నాకూ అంతే. వేడి చేసి."

వేడి కాదు. హెచ్‌హెచ్‌టీ. సుమారు 5,000 మందిలో ఒకరికి ఉండే వంశపారంపర్య జబ్బు. ధమనికీ సిరకూ మధ్య ఉండాల్సిన సన్నటి నాళాలు లేక, రెండూ నేరుగా ముడిపడి కలిసిపోతాయి. అది ఊపిరితిత్తిలో జరిగితే, గర్భంతో పెరిగిన రక్తప్రవాహానికి ఆ ముడి ఉబ్బి చిట్లొచ్చు. 2008లో వెలువడిన ఓ అధ్యయనంలో 484 గర్భాలను పరిశీలిస్తే, నూటికి ఒక గర్భంలో తల్లి చనిపోయింది. ప్రాణం మీదికొచ్చినవాళ్లలో, జబ్బు సంగతి ముందే తెలిసినవాళ్లే ఎక్కువగా గట్టెక్కారు.

స్కాన్‌లో ముడి దొరికింది. ఎడమ ఊపిరితిత్తి అడుగున. అప్పుడే బిడ్డ గుండె వేగం పడిపోసాగింది.

వెంటనే సిజేరియన్ చేయాలి. పూర్తి మత్తిస్తే వెంటిలేటర్ ఒత్తిడికి ముడి పగలొచ్చు. వెన్నులో సూది వేస్తే? అక్కడా ముడి ఉంటే? ఉండటం చాలా అరుదు. ఈ జబ్బుందన్న ఒక్క కారణంతో, వెన్నులో ఇచ్చే ఎపిడ్యూరల్ మత్తు మానొద్దని 2020 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. "కాళ్లలో తిమ్మిరి, బలహీనత ఎప్పుడైనా?" లేదంది. "స్పైనల్ ఇద్దాం."

స్ట్రెచర్ తడి వరండాలో పరుగెత్తింది, యాంటీబయాటిక్ ఎక్కింది, ముక్కులో ఏ గొట్టమూ పెట్టొద్దని డాక్టరమ్మ కేక వేస్తుండగానే ముఖానికి మాస్క్ బిగిసింది, నర్సు సెలైన్ గొట్టం తగిలించబోయింది. వంపులో మెంతిగింజంత గాలి బుడగ.

"ఆగు!"

మామూలు మనిషికైతే ఊపిరితిత్తి దాన్ని వడకట్టేస్తుంది. ఈమెకు ఆ ముడి గుండా నేరుగా మెదడుకే. నర్సు గొట్టమంతా సెలైన్ పారించి, గాలిని ఆపే ఫిల్టర్ బిగించింది. అప్పుడు సూది దిగింది.

పన్నెండు నిమిషాలకు ఆడపిల్ల ఏడ్చింది. తల్లి పాదాల నుంచి రొమ్ముదాకా మొద్దుబారి ఉంది గానీ, మెలకువగానే ఉంది. "నా బిడ్డేది?" అంది.

కొన్నాళ్లకు కాలి మొదట్లోంచి సన్నటి గొట్టం పంపి, లోహపు తీగచుట్టలతో ఆ ముడిని మూసేశారు. పసిబిడ్డకు జబ్బు వచ్చే అవకాశం సగానికి సగం. పరీక్ష చేయించాలి. అమ్మమ్మ మాత్రం కాన్పైన తెల్లారే ఫోన్ అందుకుంది. "ఒరేయ్ తమ్ముడూ, నీకూ ముక్కులోంచి కారుతుంది కదా? రేపే బస్సెక్కి వచ్చెయ్. పిల్లల్నీ తీసుకురా."