ఎండుతోలు మీది పెంకుపురుగులు

శంషాబాదు మెట్టనేలలో వేసవిలో చచ్చిన పశువు పూర్తిగా కుళ్ళకముందే ఎండిపోతుంది. తడి ఉన్న కొద్దిదినాలూ ఈగలదే రాజ్యం. వాటి పిల్లపురుగులను వేటాడడానికి హిస్టెరిడే కుటుంబపు నల్లని పెంకుపురుగులు అప్పుడే చేరుతవి. తోలు అట్టవలె బిగిసిన పిమ్మట ఈగపిల్లలకు అచట బ్రతుకు లేదు. తరువాతి పని అంతా పెంకుపురుగులదే.

వీనిలో ముఖ్యమైన డెర్మెస్టెస్ మాక్యులేటస్‌ను స్వీడన్ దేశస్థుడు డి గీర్ 1774లో వర్ణించాడు. డెర్మెస్టెస్ అనగా గ్రీకుభాషలో తోలు తినేది అని అర్థం. తోళ్ళ గోదాములవారికి ఇది శత్రువు. మ్యూజియములవారు మాత్రం ఎముకలకు అంటిన మాంసాన్ని దీనిచేతనే శుభ్రం చేయిస్తారు. చిట్టచివర ట్రోజిడే కుటుంబపు గరుకువీపు పురుగులు వస్తవి. వెంట్రుకలను సైతం జీర్ణించుకొనగల బహుకొద్ది జీవులలో ఇవి చేరినవి. ముట్టుకుంటే కాళ్ళు ముడుచుకొని మట్టిపెళ్ళవలె పడి ఉంటవి.

ఎండు కళేబరాలపై చేరే మరొక పురుగు ఒక శాస్త్రజ్ఞుని ప్రాణమే కాపాడింది. ఫ్రెంచి విప్లవకాలంలో బోర్డో చెరసాలలో ఉన్న లాత్రేయ్ అనే మతాచార్యుడు నేలపై నెక్రోబియా రూఫికోలిస్ అను చిన్న పురుగును గుర్తించాడు. ఒక వైద్యుని ద్వారా అది కీటకశాస్త్రాభిమానులకు చేరింది. వారి ప్రయత్నంవల్ల అతడు బయటపడ్డాడు. దీని దాయాదియైన ఎర్రకాళ్ళ రూఫిపెస్‌ను 1834లో హోప్ ఈజిప్టు మమ్మీల తలలలో కనిపించినదిగా వర్ణించాడు. 1894లో ఫ్రెంచివాడైన మెన్యాఁ శవాలపై చేరే కీటకాలను ఎనిమిది దళాలుగా విభజించాడు. అది చల్లని దేశపు లెక్క. పొడినేలలో తొలిదశలు కుదించుకొనిపోయి, ఎండుతోలు దశ ముందుగానే వస్తుంది.

మన మైదానాలలో ఈ పురుగులకంటె ముందు పంక్తిలో కూర్చున్నవి రాబందులు. వాటి మంద ఒక పశువును కొద్ది గంటలలో ఎముకలగూడు చేసేది. 1990ల నుండి అవి దేశమంతటా కూలినవి. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ మందే కారణమని 2004లో వెల్లడియైనది; 2006లో పశువైద్యంలో దానిని నిషేధించారు. రాబందులు విడిచిన విందు కుక్కలకు, ఈగలకు, పెంకుపురుగులకు దక్కింది.

2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం ప్రారంభమైనది. 1937 నాటి విమాన నియమాలలో 91వది విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపల పశువులను వధించడం, తోలు ఒలవడం, పక్షులను ఆకర్షించే చెత్త వేయడం నిషేధించింది. పక్షి ఇంజనులో పడితే ప్రాణాపాయం గనుక ఈ నియమాన్ని తప్పుపట్టడానికి లేదు. ఐతే ఊరిబయట కళేబరాన్ని వదలివేసే పాత అలవాటు సాగనిచోట పెంకుపురుగుకు కూడా తిండి తగ్గక తప్పదు. రూఫిపెస్‌కు మాత్రం మరో ఆధారం ఉన్నది. ఎండుచేపల బస్తాలలోను, కురిడీ కొబ్బరిలోను అది హాయిగా పెరుగుతుంది.